పిడుగు టీచరు మనశ్శాంతి క్లాసు

పిడుగు టీచరు మనశ్శాంతి గురించి మామూలు గొంతుతో చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఆవిడ ఆన్‌లైన్ యోగా క్లాసు మొదటినుంచి చివరిదాకా కేకల మీదే నడుస్తుంది. "కళ్ళు మూసుకో! మనసు ప్రశాంతంగా పెట్టుకో! ఏయ్, ఎవరది పక్కకి చూస్తున్నది? ప్రశాంతంగా ఉండమన్నానా లేదా?" అంటూ తెల్లవారీ తెల్లవారకముందే ముందుగది దద్దరిల్లిపోయేది. పాలు వేసే అతను ప్యాకెట్లు గేటు దగ్గరే పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు.

పూర్వం ఆవిడ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించాలని పెంచుకున్న గొంతు. రిటైరై ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా అది తగ్గలేదు. మైకు ఉంది కదా అని కోడలు చెప్పి చూసింది. "మైకు పని మైకు చేస్తుంది, నా పని నేను చేస్తాను" అంది అత్తగారు. మామగారు చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుకునేవారు. కొడుకు పొత్తిళ్ళలో ఉన్నప్పుడే ఆ గొంతుకి అలవాటుపడ్డాడు కాబట్టి హాయిగా గుర్రుపెట్టేవాడు. భగ్గుమనేది కోడలొక్కతే.

భగ్గుమనదూ మరి? కోపంగా ఉన్నవాళ్ళని చల్లబరచడమే ఆమె ఉద్యోగం. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక కంపెనీకి ఇంటినుంచే ఫోన్లు తీసుకుంటుంది. గోడకి ఇవతల కూర్చుని ఆమె "మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైందండీ" అని తేనె ఒలకబోస్తూంటే, గోడకి అవతలనుంచి "సిగ్గు లేదూ? ఏంటా పొట్ట? లోపలికి లాగు!" అని వినిపించేది. మెషీన్ నీళ్ళు కక్కుతోందని ఫోన్ చేసిన ఒక పెద్దమనిషి ఆ మాట తననే అన్నారనుకున్నాడు. నిజానికి ఆయనకి పొట్ట ఉంది. అందుకే మరీ మండి, పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు.

సూపర్‌వైజరు కోడలికి ఫోన్ చేశాడు. "ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటినుంచి పని కుదరదమ్మా. ఆఫీసుకి వచ్చెయ్యండి."

ఆఫీసంటే రెండు బస్సులు మారాలి. ఏడాది నిండని చంటిదాన్ని వదిలి పొద్దున పోతే మళ్ళీ రాత్రికే రావాలి. ఆ రోజు కోడలు పప్పు డబ్బా మూత వేసిన తీరుకి డబ్బా సొట్టపోయింది.

ఆ క్లాసు సంగతి కూడా చెప్పాలి. టీచరుకి పేర్లు గుర్తుండవు. తెర మీద ఏది కనిపిస్తే అదే పేరు. ఒకాయన ఫోను ఎలా నిలబెట్టినా ఇంటి కప్పే కనిపిస్తుంది కాబట్టి ఆయన సీలింగు మాస్టారు. నుదురు తప్ప ఏమీ కనిపించని ఆవిడ నుదురమ్మ. మూలన గళ్ళదుప్పటి పరుచుకుని చేసే సన్నపాటి అమ్మాయి గళ్ళదుప్పటి. "సీలింగు మాస్టారూ, మీ ఫ్యాను బాగానే చేస్తోంది, మీరెక్కడ?" అని టీచరు అరిస్తే, ఎక్కడో కిందనుంచి "ఇక్కడే చస్తున్నానమ్మా" అని మూలుగు వినిపించేది. అయినా ఒక్కరూ మానలేదు. తిట్లు తిన్న రోజే నడుము బాగా వంగుతోందని నుదురమ్మ నలుగురికీ చెప్పి ఇంకో ఇద్దరిని చేర్పించింది కూడా.

ఒకరోజు గళ్ళదుప్పటి మొగుడు గదిలోకి తొంగిచూసి "నా సాక్సులెక్కడ?" అన్నాడు. తెరలో టీచరుందని పాపం అతనికి తట్టలేదు.

"ఎవరయ్యా అది, క్లాసు మధ్యలో?"

అతను వెనక్కి తగ్గబోయాడు.

"వచ్చినవాడివి ఊరికే పోతావా? కుర్చీలో కూర్చున్నట్టు కూర్చో. కుర్చీ లేకుండా! ఇంకా కిందకి! సాక్సులు వెతుక్కోలేనివాడికి ఆ కాళ్ళెందుకు?"

సాక్సుల్లేని ఆ కాళ్ళు గడగడలాడేదాకా వదల్లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో టీచరు గొంతు వినిపిస్తున్నంతసేపు ఆ గది తలుపు తీసే సాహసం ఎవరూ చెయ్యలేదు.

ఇంత వీరంగం అయ్యాక ఆవిడ గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో వంటింటి గుమ్మంలో చతికిలబడి, "అబ్బ! మనసెంత ప్రశాంతంగా ఉందో!" అనేది. కోడలికి అన్నిటికన్నా ఒళ్ళు మండించేది ఆ మాటే.

పోనీ, క్లాసు వేళకి ముగిస్తే కోడలి డ్యూటీకి అడ్డే లేదు. ముగిస్తేనా! అందరూ దండాలు పెట్టి వెళ్ళిపోయిన అలికిడి అయ్యాక కూడా కేకలు సాగుతూనే ఉండేవి.

"క్లాసు అయిపోవాలి కదా అత్తయ్యా?" అని కోడలు నిలదీసింది.

"అవ్వలేదమ్మాయ్. ఒకళ్ళకి శవాసనం ఇంకా పూర్తికాలేదు."

"శవాసనమంటే పడుకోవడమే కదా! దానికి అరవడమెందుకండీ?"

"పడుకోవడమే అన్నిటికన్నా కష్టం. నీకు తెలీదులే."

"ఒక్కళ్ళ కోసం నా ఉద్యోగం పోవాలా?"

టీచరు తలుపు వేసుకుంది. మర్నాడు తలుపు కింద పాత దుప్పటి ఒకటి కుక్కి చూసింది. ఆ గొంతుకి దుప్పట్లేం లెక్క?

అలాంటి గొంతు ఒక తెల్లవారుజామున పోయింది. జలుబు చేసి పీలగా గాలి తప్ప మాట రాలేదు. కోడలు సంతోషించిందంటే తప్పుగా అనుకోవద్దు, ఎవరైనా సంతోషిస్తారు. కానీ టీచరు క్లాసు మానలేదు. గరిటెతో స్టీలు బిందె మీద కొడుతూ సైగలతో నడిపింది. క్లాసు వేళ దాటింది. కోడలి డ్యూటీ మొదలైంది. బిందె మోత ఆగలేదు, సరికదా జోరందుకుంది.

మొదటి ఫోన్ ఎవరనుకున్నారు? ఆ వాషింగ్ మెషీన్ పెద్దమనిషే.

"మళ్ళీ నీళ్ళు కక్కుతోంది! మీ కంపెనీలో మనుషులున్నారా, దున్నపోతులున్నారా? ఏంటమ్మా ఆ మోత, నన్ను వెక్కిరిస్తున్నారా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్," అంది కోడలు, పళ్ళు నూరుతూ. తన మాట అవతలికి వినిపించకుండా చేసే బటన్ నొక్కాననుకుంది. చెవికున్న హెడ్‌ఫోన్ తియ్యకుండానే, ఇవాళ ఆ ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టి తాళం వేస్తానని శపథం పట్టి ముందుగదిలోకి దూసుకెళ్ళింది.

తెర మీద గళ్ళన్నీ ఖాళీ. సీలింగు మాస్టారు లేరు, నుదురమ్మ లేదు. ఒక్క గడిలో మాత్రం గళ్ళదుప్పటి మీద ఆ సన్నపాటి అమ్మాయి, నోరు కాస్త తెరుచుకుని, ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. టీచరు చెమటలు కక్కుతూ బిందె బాదుతోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"కవల పిల్లలు దానికి," అని గాలిగొంతుతో అంది టీచరు. "రాత్రంతా కునుకుండదు. తెల్లారితే ఇంటిల్లిపాదికీ అదే కావాలి. నేను అరుస్తున్నంతసేపే దాన్నెవరూ లేపరు."

అంతలో ల్యాప్‌టాప్‌లోంచి, ఆ ఇంటి తలుపు అవతలినుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "ఆ టీచరు అరుపులు లేవే ఇవాళ? ఏదో బిందె మోత. క్లాసు అయిపోయుంటుంది, వెళ్ళి పిలవరా. నాకు కాఫీ పెట్టలేదింకా."

అక్కడ తలుపు గడియ కదిలింది. టీచరు నోరు తెరిచింది. గాలే వచ్చింది. కోడలి వంక చూసింది. ఆ పిడుగు ఎవరినీ బతిమాలి ఎరగదు, ఇప్పుడు మాత్రం రెండు చేతులూ జోడించింది.

కోడలికి ఎక్కడలేని కోపమూ ఒక్కసారిగా పొంగింది. సూపర్‌వైజరు మీద, రెండు బస్సుల మీద, "అర్థమైందండీ, అర్థమైందండీ" అంటూ రోజంతా మింగిన ప్రతి మాట మీద. అన్నిటికన్నా ఆ తలుపు అవతల కాఫీ పెట్టుకోలేని చేతుల మీద.

"ఎవరది తలుపు దగ్గర? క్లాసు అవుతోంది, కనిపించట్లా? నడుం వంచు! మనిషివా, దుంగవా? వంచమన్నానా!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. మామగారు దూది తీసి, గొంతు మారిందేమిటా అని ఓసారి విని, మళ్ళీ పెట్టుకున్నారు. తెరలో గడియ చప్పున పడింది. "అమ్మో, ఈవిడెవరో పాతావిడకన్నా ఘోరం! కాఫీ నేనే పెడతాలే అమ్మా," అని గుసగుస, అడుగుల చప్పుడు. గళ్ళదుప్పటి అమ్మాయి దుప్పటి అంచు మీదికి లాక్కుని అటు ఒత్తిగిలి పడుకుంది.

అప్పుడు వినిపించింది కోడలి చెవిలో, బిక్కుబిక్కుమంటున్న గొంతు.

"అమ్మా... నడుం ఎటు వంచమంటారు?"

బటన్ పడనే లేదు. పోయింది ఉద్యోగం అనుకుంది కోడలు.

"ఎడం పక్క పట్టేసిందమ్మా, నెలయింది," అన్నాడు పెద్దమనిషి. "నొప్పికి నిద్రలేదు. అందుకే కనిపించినవాళ్ళందరి మీదా ఎగురుతున్నాను. మీరరిచారు కదా, భయపడి వంచాను. కటుక్కుమని కాస్త వదిలినట్టుంది. ఇంకోసారి అరుస్తారా?"

మెషీన్‌కి మెకానిక్కుని పంపే ఏర్పాటు చేసి, నడుముకి క్లాసు వేళ చెప్పి, కోడలు ఫోన్ పెట్టేసింది. గొంతు బొంగురుపోయింది. వంటింటి గుమ్మంలో అత్తగారి పక్కన చతికిలబడి, ఆవిడ చేతిలోని గోరువెచ్చని నీళ్ళ గ్లాసు లాక్కుని సగం తాగేసింది.

"అబ్బ! మనసెంత ప్రశాంతంగా ఉందో అత్తయ్యా!"

వారం తిరిగేసరికి టీచరు గొంతు తిరిగొచ్చింది. తెర మీద కొత్త గడి ఒకటి చేరింది. అందులో ఒక పెద్ద వాషింగ్ మెషీను, దాని ముందు చొక్కా బిగుతైన ఒక పెద్దమనిషి. "వాషింగ్ మెషీన్ బాబాయ్! సిగ్గు లేదూ? ఏంటా పొట్ట? లోపలికి లాగు!" అని పిడుగు పడింది. ఈసారి ఆ మాట తననేనని ఆయనకి అనుమానమే లేదు. ముఖం వెలిగిపోతుండగా లాగాడు.