పదో మనిషి

"నిన్ను యూదుడని అక్కడ ఎవడన్నా ఒప్పుకున్నాడంట్రా? అప్పుడే వాళ్ళని తిట్టడానికి రోడ్డెక్కావు?"

2002 వేసవిలో ఒక ఆదివారం పొద్దున పేపరు మొహాన కొట్టి జోగయ్య అడిగిన మాట ఇది. పేపర్లో శామ్యూల్ ఫోటో. మెడలో అట్ట. అట్ట మీద, "నేను యూదుణ్ణి. పాలస్తీనాలో ఇళ్ళు కూల్చకండి."

శామ్యూల్ గుంటూరు జిల్లా నుంచి వచ్చి, బెంగళూరు లింగరాజపురంలో అంగళ్ళకు బోర్డులు రాసుకుని బతికేవాడు. అతనిలా ఆ వైపు నుంచి వచ్చిన తెలుగు యూదుల్లో మగవాళ్ళు బెంగళూరు మొత్తానికి సరిగ్గా పదిమంది. పదికి ఒకడు తగ్గినా కొన్ని ప్రార్థనలు చదవకూడదు. జోగయ్య వాళ్ళకు పెద్ద. రేషన్ కార్డులో జోగయ్య, ప్రార్థనలో యెహోషువ. వీళ్ళు యూదులేనా అని తేల్చే విచారణకు ఇజ్రాయెల్ నుంచి ఎవరో పెద్దమనిషి వస్తాడనీ, అందరినీ అక్కడికి తీసుకుపోతాడనీ పదేళ్ళుగా చెబుతున్నాడు. ఆయన వచ్చేదాకా అందరూ నోరు మూసుకుని ఉండాలట.

శామ్యూల్ ఉండలేకపోయాడు. దాని వెనక సిద్ధాంతమేమీ లేదు. తొంభై ఆరులో రోడ్డు వెడల్పు చేయాలని జేసీబీ పెట్టి అతని గుడిసెను లేపేశారు. ఆరేళ్ళ తర్వాత టీవీలో ఒక పాలస్తీనా ముసలామె మట్టిపెళ్ళల కింద నుంచి గిన్నె లాక్కోవడం చూసి, అతని తల్లి నర్సమ్మ అంది: "మనలాగే ఏరుకుంటందిరా. ఊళ్ళో అందరికీ బోర్డులు రాస్తావు, ఆమెకోటి రాయకూడదా?"

నగరంలో ఒక శాంతి సంఘం ఉండేది. దాన్ని నడిపే గీతాంజలిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాలస్తీనా పక్షాన మాట్లాడే యూదుడు దొరికాడని తెలిసి, లంకెబిందెలు దొరికినంత సంబరపడింది. ఎంజీ రోడ్డులో గాంధీ విగ్రహం దగ్గర శనివారం నాలుగింటికి సభ పెట్టింది.

"శనివారం మాకు సబ్బాతు మేడమ్. వీధిలో ఏదీ మోయకూడదు. ఆదివారం పెట్టండి."

"సండే అందరికీ పర్సనల్ వర్క్ ఉంటుంది శామ్యూల్ గారూ. మీరు జస్ట్ నిలబడండి, చాలు."

శుక్రవారం పొద్దుగూకక ముందే అట్టలన్నీ రాసిచ్చాడు. శనివారం వట్టి చేతులతో నిలబడ్డాడు. కెమెరాలు రాగానే గీతాంజలి ఒక అట్టకు తాడు కట్టి అతని మెడలో వేసింది. "చేత్తో మోయట్లేదుగా!" అంది. అందరూ నవ్వారు. తీసి పారేయాలని చెయ్యి లేచింది. కానీ ప్రతి అక్షరం ఒప్పుకుని రాసిన అట్ట అది. చెయ్యి దించేశాడు.

జోగయ్య పంచాయితీ పెట్టాడు. తీర్పు చెప్పిన తొమ్మిదిమందిలో ఆరుగురు వాచ్‌మన్లు. శనివారమూ లాఠీ, టార్చి పట్టుకుని డ్యూటీ చేసేవాళ్ళే. అది పొట్టకూటి కోసం కాబట్టి లెక్కలోకి రాదట. దండుగ రెండు వేలు వేశారు. సబ్బాతు నాడు అట్ట మోసినందుకు వెయ్యి, దాని మీది రాతకు వెయ్యి. కట్టేదాకా శామ్యూల్‌ను పదిమందిలో లెక్కపెట్టరు. కులం వదిలేశామని చెప్పుకునే ఈ మనుషులు కులపంచాయితీని మాత్రం భద్రంగా మూటగట్టి తెచ్చుకున్నారు.

జూన్‌లో నర్సమ్మ పోయింది. పోయినవాళ్ళ కోసం కొడుకు పదకొండు నెలలు చదివే ప్రార్థన కద్దీష్. దానికి పదిమంది ఉండి తీరాలి. శామ్యూల్ జోగయ్య ఇంటికి వెళ్ళాడు.

"మామా, అమ్మకి కద్దీష్ చదవాలి."

"దండుగ తెచ్చావా?"

శామ్యూల్ వెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. "అట్ట మోసింది తప్పే. ఇది దానికి."

"మరి ఇంకో వెయ్యో?"

"రాసింది తప్పు కాదు మామా."

"తల్లి పోయి మూడ్రోజులు కాలేదు, ఇప్పుడు కూడా పంతమేంట్రా!"

"రాయమన్నది ఆవిడే."

జోగయ్య ఆ వెయ్యి లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మనుషుల్ని మాత్రం పంపలేదు.

సంగతి తెలిసి గీతాంజలి ఫోన్ చేసింది. "పదిమందేగా! మావాళ్ళు ఇరవై మంది వస్తారు. మా సంఘంలో సమీనా కూడా వస్తానంటోంది."

"యూదులే కావాలి మేడమ్. అదీ మగవాళ్ళు."

"మీరింత ఛాందసులనుకోలేదు శామ్యూల్ గారూ," అంది గీతాంజలి. ఆ తర్వాత ఏ సభకూ అతన్ని పిలవలేదు.

పదకొండు నెలలూ గడిచాయి. నర్సమ్మకు కద్దీష్ ఒక్కనాడూ చదవలేదు. విచారణకు ఏ పెద్దమనిషీ రాలేదు. పదో మనిషి లేక, ఆ మధ్య సొంతూళ్ళో చనిపోయిన జోగయ్య తమ్ముడికీ ఇక్కడ ఆ ప్రార్థన జరగలేదు. అయినా దండుగ మాఫీ చేయలేదు. శామ్యూల్ ఇవ్వలేక కాదు, ఇవ్వలేదు. రెండో వెయ్యి ఇప్పటికీ బాకీ.