ఇటుకలకు పోయిన బీడు

1979వ సంవత్సరం. దివిసీమలో వ్యవసాయ శాఖ ఉద్యోగిగా ఉన్నాను. ఉప్పెన తర్వాత ఊళ్లన్నీ మళ్లీ ఇళ్లు కట్టుకుంటున్నాయి. ఎన్ని ఇటుకలు కాల్చినా చాలడం లేదు. నేను చూసే ఒక ఊరివాళ్లు పశువులు మేసే బీడులో మట్టి తవ్వుకోవడానికి ఒప్పుకున్నారు. ఇళ్లు లేచాయి గానీ గడ్డి మొలిచే నేల పోయింది.

పైపొర మట్టిని మేము టాప్ సాయిల్ అంటాం. నేల సారమంతా అందులోనే ఉంటుంది. అది ఇటుకల్లోకి పోయాక గట్టి జిగురుమన్ను మిగిలింది. ఎండలకు దాని మీద ఉప్పు తెల్లగా పేరుకునేది.

వానలకు ముందే ఊరివాళ్లను కూర్చోబెట్టి చెప్పాను. ఉప్పు కొట్టుకుపోయేలా బోదెలు తీయాలి. చెరువు మట్టి, పశువుల పెంట తోలాలి. జీలుగ చల్లి, పూతకొచ్చాక అక్కడే కలియదున్నాలి. దాన్నే గ్రీన్ మాన్యూర్, పచ్చిరొట్ట ఎరువు అంటారు. ఆ తర్వాత గడ్డి పిలకలు నాటాలి. అవి వేళ్లూనుకునేదాకా ఒక్క పశువు కూడా లోపల అడుగు పెట్టకూడదు.

నాగరత్నమ్మ గారు లేచారు. ఉప్పెనలో ఆవిడ భర్త పోయారు, పాడి అంతా పోయింది. తర్వాత కొనుక్కున్న చూడిగేదె ఒక్కటే ఆవిడకు ఆధారం.

"అప్పటిదాకా మా గొడ్లు ఏం తినాలండీ?"

"ఈ ఒక్క వానాకాలం ఓర్చుకోండమ్మా."

"మేం ఓర్చుకుంటాం. నోరులేని దానికి ఎట్టా చెప్పేది?"

అయినా ఊరు పనిలోకి దిగింది.

శ్రావణం దాటేసరికి వాముల్లో గడ్డి అయిపోయింది. బీడులో పిలకలు అప్పుడే పచ్చబడుతున్నాయి. గొడ్లను వదిలేద్దామని కొందరు తాళ్లు విప్పి వచ్చారు. ఒక్క పూట మేసినా లేత వేళ్లు పెళ్లలతో సహా ఊడివస్తాయి. బతిమాలాను. వాళ్ల కళ్లముందు డొక్కలెండిన పశువులున్నాయి. నా మాట ఎలా చెవికెక్కుతుంది?

నాగరత్నమ్మ గారు తన గేదెను పట్టుకుని వచ్చారు. అందరికంటే ముందు ఆవిడే లోపలికి తోలుతారనుకున్నాను. ఆవిడ పశువుల కాపరి మస్తాన్ వైపు తిరిగారు.

"మస్తానూ, దీన్ని గుడివాడ దగ్గర మా అన్నయ్య ఊళ్లో వదిలిపెట్టి రా. ఈనేది అక్కడే ఈనుద్ది."

"మరి పాలు అక్కా?"

"వాళ్ల పిల్లలు తాగుతారు. ఈ నేల మళ్లీ చెడితే నాకు ఎప్పటికీ ఉండవు."

గేదె తాడు అతని చేతికిచ్చారు. తర్వాత ఒక పెద్దాయన, తన వియ్యంకుడిది కూడా అటువైపేనన్నాడు. ఇంకొకరికి మేనమామ గుర్తొచ్చాడు. రెండురోజులు పోయాక మస్తాన్ మందను కాలవగట్టు వెంట తోలుకెళ్లాడు. చుట్టాలు లేనివాళ్ల పశువులకు గట్ల మీద గడ్డి కోసుకొచ్చి వేశారు.

కార్తీకం నాటికి బీడులో గడ్డి మోకాలెత్తు పెరిగింది. బీడును నాలుగు చెక్కలుగా విడగొట్టి, ఒకటి మేపుతూ మిగతావాటికి విశ్రాంతినిచ్చాం. దీన్ని రొటేషనల్ గ్రేజింగ్, వంతుల మేపు అంటారు. మందలో నాగరత్నమ్మ గారి గేదె దూడతో సహా తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఎన్నో చోట్ల పాడైన నేలల్ని బాగుచేయించాను. ఎరువు, విత్తనం నేను ఇప్పించగలిగాను. నేల కోలుకోవడానికి కావలసిన గడువు మాత్రం అక్కడి మనుషులే తమ నోటిదగ్గరిది మానుకుని ఇవ్వాలి. ఆ సంగతి నాకు నేర్పింది నాగరత్నమ్మ గారు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మంచిపేరులో సగం ఆవిడదే.