బండి వెనక నడిచిన మరదలు

మా తమ్ముడు సత్యానికి మన్నెం జ్వరం తగిలిందని సాలూరు సంతకొచ్చినవాళ్లతో కబురొచ్చింది. వాడు కొండమీది సంత ఊళ్లో ఉప్పు దుకాణం పెట్టి, కొండజాతి గదబపిల్ల బుద్రిని పెళ్లాడి అక్కడే ఉండిపోయాడు. వాణ్ణి కిందికి దించి ఆసుపత్రిలో చేర్చాలని బయలుదేరాను. బొబ్బిలిలో రైలు మారి సాలూరు చేరితే అక్కడితో పట్టాలు ఆఖరు. ఆపైన ఎద్దుబండే గతి. రానూపోనూ ఒకే బండి మాట్లాడుకుంటే కిరాయి కలిసొస్తుంది. కోడికూతకు కదిలితే పొద్దు వాలేవేళకు కొండెక్కుతాం.

పైన తమ్ముడి దుకాణమున్న వీధిలో అందరూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. ఒడియా మిఠాయివాడు, బరంపురం దర్జీ, బొబ్బిలి పూటకూళ్లమ్మ. ఒకరంటే ఒకరికి గిట్టదు. పూటకూళ్లమ్మ నాకు లోపల వడ్డించి, బండితోలే అప్పన్నకు చూరుకింద ఆకు వేసింది.

"మావంటే కుక్కకన్నా సులకన బాబూ" అన్నాడు అప్పన్న. నాకు జాలేసింది.

తెల్లారాక సత్యాన్ని బండిలో పడుకోబెట్టాం. ఒళ్లు పెనంలా కాలుతోంది. తడిగుడ్డ పట్టుకుని బుద్రి ఎక్కబోతే అప్పన్న అడ్డుకున్నాడు.

"ఈ కొండోళ్ల గుంట ఎక్కితే రేపు నా బండి ఎవుడెక్కుతాడు బాబూ?"

"నేను దిగి నడుస్తాను. ఆమెను ఎక్కనియ్యి."

"తమరు నడిసినా అది ఎక్కకూడదు. ఈదంతా సూత్తంది."

నిన్న చూరుకింద కూర్చున్నవాడే ఈ మాటన్నాడు. మిఠాయివాడూ దర్జీ అరుగులమీద నిలబడి తలలూపారు. ఎప్పుడూ పడని వీధి ఆ ఒక్కమాట దగ్గర ఏకమైంది. నాకు ఒళ్లు మండింది, కానీ వేరే బండి లేదు.

"నడిసొత్తాను బావా. మీరు బేగి పదండి" అంది బుద్రి.

దిగుడులో ఎద్దులు ఆగవు. సుంకి ఊరు దాటాక మలుపులు మొదలయ్యాయి. బుద్రి వెనకబడింది. సత్యం కళ్లు తెరిచి, "బుద్రి ఏది?" అన్నాడు. వస్తోందిరా అని చక్రాలకు రాళ్లు పెట్టించి బండి ఆపించాను. మళ్లీ అడిగాడు. ఆ తర్వాత అడగలేదు.

ఆమె వచ్చేసరికి నా ఒళ్లో వాడి తల చల్లబడుతోంది. ఆమె చేతిలో అడ్డాకు దొప్ప, దాన్నిండా ఊటనీళ్లు. దాహమంటాడని పట్టిందట, ఒలుకుతాయని పరుగెత్తలేదట. ఆ నీళ్లే వాడి నోట్లో పోసింది.

"ఇప్పుడెక్కమ్మా" అన్నాడు అప్పన్న, తల దించుకుని. ఆమె ఎక్కలేదు. సాలూరుదాకా నేనూ ఆమెతోనే నడిచాను.

ఆ ఘాటీ దారి అందమైనదే అంటారు, చలికాలంలో మబ్బులు కాళ్లకింద ఉంటాయంటారు. నాకవేవీ గుర్తులేవు. కూటికోసం ఊరినే వదులుకున్నవాళ్లు కులాన్ని మాత్రం మూటగట్టుకుని ఎందుకెళ్తారో, ఎవరి కొండమీద బతుకుతున్నారో వాళ్లకే చోటెందుకివ్వరో తలచుకుంటే ఇప్పటికీ దుఃఖమొస్తుంది. మీరు వెళ్లేట్టయితే ఒక్క జాగ్రత్త. సాలూరులో బండి మాట్లాడుకునేటప్పుడు కిరాయికన్నా ముందు, మీతో వచ్చేవాళ్లందర్నీ ఎక్కించుకుంటాడో లేదో అడగండి.