నూతి నీళ్ళలో ఉడకని పప్పు

నిన్న మధ్యాహ్నం అన్నంలో కలుపుకున్న పప్పు పంటికింద గట్టిగా తగిలింది. కుళాయి రాకపోతే మా ఆవిడ బోరు నీళ్ళతో కుక్కరు పెట్టిందట. నాలుగు కూతలు ఎక్కువే రానిచ్చినా ఉడకలేదని నొచ్చుకుంది. పరవాలేదన్నాను గాని ముద్ద దిగలేదు. అలా ఉడకని పప్పు తగిలినప్పుడల్లా నాకు సుగుణమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడ రొయ్యల చెరువుల వాళ్ళకి అమ్ముడుపోయి తప్పుడు రిపోర్టు ఇచ్చిందని శివారు పేటలో ఒక మాట నిలిచిపోయింది. ఆ రిపోర్టు తయారుచేసింది ఆవిడ కాదు, నేను.

తొంభైల నడుమ, అమలాపురానికి దిగువన సముద్రం దగ్గరి ఒక మండల పరిషత్తు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. సుగుణమ్మ గారు అక్కడ గ్రామసేవిక. రిటైర్‌మెంటు దగ్గరపడ్డ మనిషి. ముంజేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ ఉండేది. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. చెరువుల్లో పెట్టిన ఉప్పునీరు పక్క నూతుల్లోకి ఊరుతోందని ఫిర్యాదులు వచ్చేవి. అందుకని మూడు నెలలకోసారి ఊరూరి తాగునీటి పరిస్థితి మీద మండల సమావేశానికి రిపోర్టు పెట్టాలి. సీసాల్లో నీళ్ళు పట్టి కాకినాడ పంపితే ఫలితం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆవిడ దానికోసం ఆగలేదు. ఒక చిన్న కిరోసిన్ స్టవ్వు, ఒక తపేలా, ఒకే బస్తాలోంచి తీసిన కందిపప్పు సంచిలో వేసుకుని, నెలనెలా ప్రతి నూతి దగ్గరా గుప్పెడు పప్పు ఉడకబెట్టి, ఎంతసేపు పట్టిందో వాచీ చూసి పుస్తకంలో రాసుకునేవారు. నీళ్ళు చెడేకొద్దీ పప్పు మొండికేస్తుందని ఆవిడ లెక్క.

ఒకసారి నన్నూ శివారు పేటకి తీసుకెళ్ళారు. కాలువ చివర, చెరువుల గట్టుకి ఆనుకుని ఇరవై ముప్ఫై గడపలు, ఒక చర్చి, ఒకే ఒక నుయ్యి. ఆ నూతి పక్కింటి సువార్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని మా స్టవ్వు వంక చూసింది.

"ఏవండీ, గవర్నమెంటు ఆఫీసులో పొయ్యి లేదాండి? వంటకి మా పేట దాకా వచ్చేరు."

"ఉందండి. మీ నీళ్ళే లేవు," అన్నారు సుగుణమ్మ గారు. సువార్తమ్మ నవ్వి పీట తెచ్చి వేసింది. గంట దాటినా పప్పు మెదగలేదు. సుగుణమ్మ గారు నాలుగు బద్దలు నా చేతిలో వేసి నమలమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, పప్పు ఉడకలేదని రిపోర్టులో రాస్తే పైవాళ్ళు నవ్వరా అని.

"నవ్వనివ్వండి సత్తిబాబు గారూ. ఈళ్ళు రోజూ అదే తింటున్నారు కదండీ. చూసిందే రాద్దాం."

వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక ఆ నుయ్యి మరీ చెడిపోయింది. పేట పక్కనే ఇంకో నాలుగు చెరువులకి అనుమతి విషయం సమావేశానికి రాబోతోంది. నీళ్ళు తాగడానికి పనికిరావనీ, కొత్త చెరువులు ఆపాలనీ సుగుణమ్మ గారు రెండు పేజీలు రాసిచ్చారు. తనకి వేరే ఊళ్ళో పని ఉందని, రిపోర్టు చివర పెట్టే ఖాళీ కాగితం మీద ముందే సంతకం పెట్టి, మీరు కొట్టాక నేను చూడకపోయినా ఫరవాలేదు లెండి అని వెళ్ళారు. ఆ సాయంత్రం ముక్తేశ్వరంలో నాకు పెళ్ళిచూపులు. బస్సు టైమైపోతోంది. మా ఆఫీసులో అందరం చేసే పని ఒకటుండేది. పోయిన మూడు నెలల రిపోర్టు కొట్టిన స్టెన్సిల్ మైనపు కాగితం దాచుకుని, తేదీ దిద్ది, మళ్ళీ కాపీలు తీసేయడం. ప్రతి ఊరికీ ఎదురుగా 'మార్పు లేదు' అని ఉంటుంది. ఎవరూ చదవరు. నేనూ అదే చేసి, ఆవిడ సంతకం పెట్టిన కాగితం చివర జోడించాను. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. బస్సు అందుకోవాలి, అంతే.

ఈసారి చదివారు. చెరువుల తరఫు సభ్యుడొకరు లేచి, శివారు పేట నీళ్ళలో మార్పు లేదని మన గ్రామసేవిక గారే రాశారు కదా, ఇంకేం అభ్యంతరం అన్నారు. సుగుణమ్మ గారు తెల్లబోయి కాగితం అందుకుని చూశారు. అధ్యక్షులు ఆ సంతకం మీదేనా అని అడిగారు. నేను రెండు బారల దూరంలో తీర్మానాలు రాసుకుంటున్నాను. ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు. నేను కలం వంక చూశాను.

"సంతకం నాదేనండి," అన్నారు.

పుస్తకం తెరిచి అసలు సంగతి చెప్పబోయారు గాని, సంతకం పెట్టి మాట మారుస్తారా అని సభ్యులు నవ్వేశారు. అనుమతి వచ్చేసింది.

మర్నాడు నేను ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఏదో అనబోతే పూర్తి చెయ్యనివ్వలేదు. "చూడకుండా సంతకం పెట్టడం నా తప్పండి. మీరు కొట్టడం మీ తప్పు. వచ్చే నెల నాతో రండి, స్టవ్వు మీరు పట్టుకోండి."

రిటైరయ్యేదాకా నెలనెలా ఆవిడ వెనకాల స్టవ్వు మోశాను. శివారు పేటలో పీట వెయ్యడం మానేశారు. చెరువుల వాళ్ళు బుట్టెడు రొయ్యలు పంపేరా, రెండు బుట్టలు పంపేరా అని వినబడేలా అనుకునేవారు. ఆవిడ మట్టిలోనే కూర్చుని వాచీ చూసుకునేవారు. నేను నోరు విప్పుతానేమోనని ఎదురుచూశారో లేదో నాకు తెలియదు. విప్పలేదు. వెళ్ళేరోజున పుస్తకం, స్టవ్వు నాకే ఇచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ఆవిడ పోయారు. అప్పటికి రొయ్యలకి జబ్బొచ్చి ఆ చెరువులు సగం ఎండిపడి ఉన్నాయి. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే సువార్తమ్మ నా పక్కన నడుస్తూ, "మంచి మనిషేనండి. మా నీళ్ళ కాడే అమ్ముడుపోయింది," అంది. నేను "ఆయ్" అన్నాను. మా ప్రాంతంలో పెద్దవాళ్ళు ఏమన్నా ఔనన్నట్టు నోటికొచ్చే మాట అది. ఆలోచించకుండానే వచ్చేసింది. సమావేశంలో ఊరుకోవడం పిరికితనం. ఇది అంతకన్నా నీచం. ఆవిడ మీద మట్టి ఇంకా తడి ఆరలేదు.

పోయిన ఆదివారం శివారు పేట వెళ్ళాను. సువార్తమ్మ ముసలిదైపోయింది, చూపు ఆనడం లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని సుగుణమ్మ గారి పుస్తకం మొదటినుంచి చదివి వినిపించాను, ఏ నెల ఎంతసేపు పట్టిందో. తరవాత స్టెన్సిల్ సంగతి చెప్పాను. సువార్తమ్మ పుస్తకం అట్ట చేత్తో తడిమింది.

"ఆవేళ సమాధుల కాడ నేనన్నదానికి మీరు ఆయ్ అన్నారు కదండీ."

"ఆయ్," అన్నాను.

తిట్టలేదు. పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళండి, చర్చిలో పిల్లలచేత చదివిస్తాను అంది. ఇచ్చేశాను. గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచింది. "ఆ పొయ్యి ఉందాండి ఇంకా? నుయ్యి అలాగే ఉంది. తెండి ఓసారి, ఇప్పుడెలా ఉడుకుతాదో చూద్దాం."

అటక మీంచి స్టవ్వు దించి మసి తుడిచాను. వత్తులు మార్చాలి. కిరోసిన్ కోసం నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. గుప్పెడు కందిపప్పు మాత్రం వేరే మూటగట్టి సంచిలో పెట్టుకున్నాను.