మోకాలెత్తు మంట

మా అమ్మ కోత పండుగలో చెప్పిన సాక్ష్యం విని ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు మా ఇంటి పాలసీ రద్దు చేశారు. ఎనభైల నాటి మాట. అమ్మ అప్పుడు పొదిలి దగ్గర మా ఊళ్ళోనే మిషను హైస్కూల్లో తెలుగు చెప్పేది. నాన్న పోయి చాలా కాలమైంది. నేను ఒంగోలులో ఒక దినపత్రికకు విలేఖరిగా ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

మాది పెంకుటిల్లు. వెనక తాటాకు వంటిల్లు ఉండేది. ఆ తాటాకు పీకేసి, గోడలు లేపి, పైన స్లాబు వేయించాలని అమ్మ కోరిక. బ్యాంకువాళ్ళు లోను ఇస్తామన్నారు. విడతలుగా ఇస్తామని, అప్పు తీరేదాకా ఇంటికి ఇన్సూరెన్సు ఉండాలని షరతు పెట్టారు. మా సంఘంలోనే ఒకాయన ఏజెంటు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీదే కూర్చుని ఫారం నింపాడు.

"ఇదివరకు అగ్నిప్రమాదాలు గానీ, దొంగతనాలు గానీ ఏమన్నా జరిగాయా టీచర్‌గారూ?"

"దేవుడి దయవల్ల ఏమీ లేదయ్యా."

మా సంఘంలో ఒంట్లో ఎలా ఉందని అడిగినా, పంట ఎలా ఉందని అడిగినా వచ్చే మొదటి జవాబు అదే. ఆయన లేదని రాసుకున్నాడు, అమ్మ సంతకం పెట్టింది. మొదటి విడత డబ్బుతో తాటాకు దిగింది, గోడలు లేచాయి.

కోతలు అయ్యాక మా చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ముందర పెడతారు. మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. చివర అవన్నీ వేలం పాడతారు. వేలానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. అంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పడం. పొలం లేనివాళ్ళు సాక్ష్యం తెచ్చేవాళ్ళు. అమ్మకు పొలం లేదు.

ఆమె సాక్ష్యంలో మూడు సంగతులు ఉండేవి. మూడూ జరిగినవే. జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒకసారి పొయ్యి పక్కన పేర్చిన పత్తికట్టె అంటుకుని మంట మోకాలెత్తు లేచింది. చూరు అందుకునేలోగా అమ్మ బర్రె కోసం ఉంచిన కుడితి తెచ్చి కుమ్మరించింది. బర్రెకు ఆ పూట కుడితి లేకపోయింది. మరోసారి పక్కింటి రైతు ధర కోసం ఆపుకున్న పత్తి తన ఇంట్లో పట్టక మా ముందు గదిలో పోశాడు. మోసిన కూలీల్లో ఎవరో బీడీ ముక్క పడేశారు. పత్తి ఒక్కసారిగా మంటెత్తదు, లోలోపల రాజుకుంటుంది. వాసన పట్టి, చేతులతో లాగి వీధిలో పరిచి ఆర్పాం. చేటెడు పత్తి నల్లబడింది. మూడోది దొంగ. పొద్దుగూకే వేళ ఎవడో మా దొడ్లో దూరాడు. మా వెనక గుమ్మం పొట్టిది. వాడి తల ద్వారబంధానికి ఠపీమని తగిలింది. "అబ్బా" అని, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

వీటికి అమ్మ అబద్ధాలు చేర్చలేదు. అవే పెరిగాయి. ఆమె చెబుతుంటే సంఘం "స్తోత్రం" అనేది. స్తోత్రం అన్నప్పుడల్లా మంట కొంచెం లేచేది. అలా కొన్నేళ్ళు గడిచాయి.

పండుగకు మైకు పొదిలి నుంచి అద్దెకు తెచ్చేవాళ్ళు. లౌడుస్పీకరు వేపచెట్టుకు కట్టి, దాని మూతి బస్టాపు వైపు తిప్పేవాళ్ళు. రక్షణ లేనివాళ్ళు, అంటే ఇంకా ప్రభువును నమ్ముకోనివాళ్ళు, ఎక్కువసేపు నిలబడేది అక్కడేనని మా పెద్దల అనుభవం.

ఆ ఏడు బస్టాపులో కంపెనీ ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. మా ఊళ్ళో ఇన్సూరెన్సు ఉన్న గేదె ఒకటి చస్తే, దాని చెవికి కంపెనీ వేసిన బిళ్ళ అదేనా కాదా చూసుకోవడానికి వచ్చాడు. చూసుకున్నాడు. బస్సు రాలేదు. అమ్మ టీచరు కాబట్టి మాటలు స్పష్టంగా పలుకుతుంది. చర్చి వెనక సందు, పెంకుటిల్లు, కొత్తగా లేచిన వంటింటి గోడలు అని ఇంటి గుర్తులు కూడా చెప్పింది.

ఆ తర్వాత ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నేనే చదివి తెలుగులో చెప్పాను. గతంలో జరిగిన సంఘటనలను దాచినందువల్ల పాలసీ రద్దు చేశామని దాని సారాంశం. సంఘటనలు కూడా వివరంగా రాశారు. తాడిచెట్టంత ఎత్తున ఎగసిన అగ్నిజ్వాల. గది నిండా ఉన్న పత్తి దగ్ధం కావడం. ఇంటి ఆవరణలో చొరబడిన ఒక వ్యక్తి కంటిచూపు కోల్పోవడం.

"గుడ్డివాడయ్యాడని నేను అనలేదే," అంది అమ్మ. "ప్రభువు వాడి కన్నులు మూశాడన్నాను."

బ్యాంకువాళ్ళు స్లాబు డబ్బు ఆపేశారు. పాలసీ తెస్తే ఇస్తామన్నారు. వంటింటికి నాలుగు గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది. ఎండలు ముదిరాయి. అమ్మ కిటికీ ఊచకు గొడుగు కట్టి దాని కింద వండేది. కాకులు గోడ మీద వరసగా కూర్చుని కూర ఏమిటో చూసి పోయేవి. పక్కింటి రైతు గోడ మీదుగా తొంగిచూసి, "టీచరమ్మా, మీ వంట ఇప్పుడు దేవుడికి బాగా కనపడతా ఉందమ్మా!" అనేవాడు.

"కనపడితే కనపడనీయ్. నీ పత్తి వల్లేగా ఇదంతా," అనేది అమ్మ.

"నా పత్తి చేటెడే కాలింది తల్లీ. మిగతాదంతా మైకులో తగలబెట్టింది నువ్వు."

వానలు దిగేలోగా కప్పు పడకపోతే ఆ గోడలు నిలవవు. మట్టితో కట్టిన ఇటుక గోడలు, ఇంకా పూత కూడా వేయలేదు. నేను సెలవు పెట్టి వచ్చి కంపెనీకి జవాబు రాశాను. రాయడం నా వృత్తి కనుక తొందరగానే అయింది. అమ్మ చదవమంది. సాక్ష్యంలో చెప్పినవి భక్తిపూర్వకమైన అతిశయోక్తులని, వాస్తవాలు కావని చదివాను.

"అంటే దేవుడి ముందు అబద్ధమాడానని సంతకం పెట్టమంటావు."

"అబద్ధం అన్లేదమ్మా. అతిశయోక్తి అన్నాను."

"అతిశయోక్తి నేను ఎనిమిదో తరగతికి చెబుతాను. నాకు చెప్పబాక."

"మరి మంట తాడిచెట్టంత లేచిందా?"

"నువ్వు పేపర్లో కాలిన ప్రతి గడ్డివాముకీ మంటలు ఆకాశాన్నంటాయని రాస్తావు. ఒక్కటన్నా అంటిందా? నిన్నెవరన్నా రద్దు చేశారా?"

నేను రాయకపోయినా ఆ మాట డెస్కులో వార్తలు దిద్దేవాళ్ళు కలుపుతారని చెప్పబోయి మానుకున్నాను. అమ్మ బాధ నాకు అర్థమైంది. సాక్ష్యం నిజమంటే కంపెనీని మోసం చేసినట్టు. కాదంటే దేవుణ్ణి మోసం చేసినట్టు. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఆ పేరు తెచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కప్పు మాత్రం కావాలి.

ఉత్తరం పక్కన పెట్టి ఇద్దరం ఒంగోలులోని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫ్యాను ఇటు తిప్పించి, ఇన్‌స్పెక్టరును పిలిపించాడు. సన్నగా, భుజాన సంచీతో ఉన్న మనిషి వచ్చి అమ్మకు నమస్కారం పెట్టాడు.

"మీరు విన్నదేదో ఒకసారి చెప్పండి బాబూ," అంది అమ్మ.

ఆయన సంచీలోంచి కాగితం తీసి చదివాడు. గేదె చెవి సంగతి చదివే గొంతుతోనే ఇదీ చదివాడు. స్తోత్రాలు లేవు, ఆమెన్లు లేవు. "మంట తాడిచెట్టంత లేచినది. ఈమె ప్రార్థింపగా ఆరినది."

"తాడిచెట్టంతా?" అంది అమ్మ.

"అవునమ్మా. తాడిచెట్టంత అన్నారు. రెండుసార్లు అన్నారు."

అమ్మ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పోయినేడు వేపచెట్టంతే అన్నానురా," అంది.

మేనేజరు కిటికీ వైపు చూశాడు. తర్వాత, "అమ్మా, నేను మీ ప్రార్థన మీద ఏమీ అనడం లేదు. అలా జరగలేదని ఒక్క ముక్క రాసిస్తే ఫైలు మళ్ళీ పైకి పంపుతాను," అన్నాడు.

"జరగలేదని రాయనండి. జరిగింది. కాకపోతే మోకాలెత్తు మంట, కుడితితో ఆర్పాను. కుడితి దగ్గరుండటం దేవుడి దయ. పత్తి చేటెడు. ఆ దొంగ గుమ్మానికి గుద్దుకున్నాడు."

"ఇంతేనా? అయితే మాకేం ఇబ్బంది లేదమ్మా. ఇలాంటివి లెక్కలోకి రావు. అదే రాసివ్వండి."

"రాసివ్వను. నేను రాసి చెప్పలేదుగా. మైకులో చెప్పాను. మైకులోనే దిద్దుకుంటాను."

"మైకులో చెబితే మాకు రికార్డులోకి ఎలా ఎక్కుతుందమ్మా?"

"మొదటిది ఎలా ఎక్కింది?"

మేనేజరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కాగితం వైపు చూశాడు.

"ఆ అబ్బాయినే మళ్ళీ ఆ బస్టాపులోనే నిలబెట్టండి," అంది అమ్మ.

బయటికి వస్తుంటే నాకు మా పత్రిక గుర్తొచ్చింది. మా పత్రికలో మొదటి పేజీలో తప్పు వేసి, సవరణ లోపలి పేజీలో రైళ్ళ వేళల కింద వేసేవాళ్ళం. ఎక్కడ చెప్పిన తప్పు అక్కడే, అంతే గొంతుతో దిద్దాలన్న మనిషిని నా ఉద్యోగంలో అంతవరకూ చూడలేదు.

ఎండాకాలంలో మా సంఘంలో ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని మళ్ళీ రగిలించే సభలు, జరుగుతాయి. మళ్ళీ మైకు వచ్చింది. స్పీకరు మళ్ళీ వేపచెట్టెక్కింది. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం బస్సుకే దిగి, బస్టాపు పక్క అంగట్లో టీ తాగుతూ కూర్చున్నాడు. టీచరమ్మ సాక్ష్యమంటే జనం ముందుకు జరిగి కూర్చున్నారు. ఏడాదికి రెండుసార్లు వినడం వాళ్ళకు అదే మొదలు.

అమ్మ మైకు పట్టుకుంది. బడిలో లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు, మెల్లగా, విడదీసి చెప్పింది. మంట మోకాలెత్తు. కుడితి ఒక కుండ. పత్తి ఒక చేట. దొంగకు చూపు పోలేదు, నుదురు తగిలింది. ఇదివరకు ఎక్కువ చెప్పాను, ప్రభువు క్షమించుగాక. ఇంత చిన్నవి కూడా ఆయన చూశాడు కనుక ఆయనకు స్తోత్రం.

ఎవరూ స్తోత్రం అనలేదు. కాసేపు స్పీకరు గరగరలాడింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ లేచింది. మిరప కోతలకు వెళ్ళే మనిషి, ఏటా అందరికంటే గట్టిగా స్తోత్రం అనేది ఆమే.

"ఏంది టీచరమ్మా, మా దేవుణ్ణి మోకాలి దాకా దించేశావే!"

"మోకాలెత్తు మంట కూడా ఎవరో ఒకరు ఆర్పాలిగా అవ్వా," అంది అమ్మ.

"దానికి దేవుడెందుకు? నేను రోజూ ఆర్పుతా!"

జనం నవ్వారు. పాస్టరుగారు తొందరగా పాట అందుకున్నారు.

కూటం అయ్యాక ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చాడు. కప్పు లేని వంటింట్లో పీట మీద కూర్చుని మజ్జిగ తాగాడు. పొట్టి గుమ్మాన్ని చేత్తో తడిమి చూశాడు. వెళ్ళబోతూ, "ఆ దొంగకి నిజంగా ఏమీ కాలేదా అమ్మా?" అని అడిగాడు.

"బొప్పి కట్టి ఉంటుంది."

ఆయన ముఖంలో కూడా కొంచెం నిరాశ కనిపించింది.

ఆయన ఏం రాశాడో నేను చూడలేదు. పాలసీ పునరుద్ధరించినట్టు ఉత్తరం వచ్చింది. అదీ ఇంగ్లీషులోనే. బ్యాంకువాళ్ళు డబ్బు వదిలారు. పక్కింటి రైతు తన పొలం కూలీలను పంపాడు, స్లాబు ఒక్క పగట్లో పడింది. వాన నాలుగో రోజున వచ్చింది. అప్పటికి కాంక్రీటు గట్టిపడింది. ఏమీ కాలేదు.

మరుసటి కోత పండుగకు నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ వంతు వచ్చింది. జనం ఈసారి ముందుకు జరగలేదు. కొందరు వేలానికి తెచ్చిన కోళ్ళను చూసుకుంటున్నారు. అమ్మ లేచి, వంటింటికి కప్పు పడిందని, స్లాబు పోసిన నాలుగో రోజున వాన వచ్చినా చెక్కు చెదరలేదని చెప్పింది.

"నాలుగో రోజేంది టీచరమ్మా!" ముసలమ్మ లేచి నిలబడింది. "ఆ రాత్రే వచ్చిందిగా! ఊరంతా కొట్టుకుపోయే వాన! నీ స్లాబు మీద మాత్రం చుక్క పడలా. నేను చూడలా?"

అమ్మ నా వైపు చూసింది. నేను బస్టాపు వైపు చూశాను. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు. భుజాన సంచీ ఉందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

"నాలుగో రోజే అవ్వా," అంది అమ్మ మైకులో.

సంఘమంతా స్తోత్రం అంది. ముసలమ్మ మాటకు.