రుక్మిణీబాయి గారి బోర్డు మీద సున్నా

గుత్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ దగ్గర బస్సు దిగుతూనే, నాతో చదువుకున్న శారద నా చెయ్యి పట్టుకుని "మేడం పోయినారే" అంది. ఏ మేడం అని నేను అడగలేదు. మా తరగతిలో చదివిన వాళ్ళకు మేడం అంటే ఒక్కరే. అనంతపురంలో మాకు ఆర్థికశాస్త్రం బోధించిన రుక్మిణీబాయి గారు బుక్కరాయసముద్రంలోని తమ అద్దె ఇంట్లో ఆ తెల్లవారుజామున గుండె ఆగి పరమపదించారు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ ముందు రోజు సాయంకాలం దాకా గుంతకల్లులో ట్యుటోరియల్ పిల్లలకు పాఠం చెప్పి వచ్చారట.

ఆ వార్త విన్నప్పుడు నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు. సంస్మరణ వ్యాసంలో ఆగ్రహం ఉచితం కాదని నాకు తెలుసు. ఔచిత్యం బాగా తెలిసిన వాళ్ళే ఆవిడ ఉసురు పోసుకున్నారు కనుక ఆ మర్యాద ఇవ్వాళ నేను పాటించను. మేం చదివిన ఆ అనంతపురం కాలేజీ పేరు రాయను, దాన్ని నడిపే కరస్పాండెంట్ గారి పేరూ రాయను. పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆయనకు మహా ప్రీతి, ఆ సంతోషం నా చేతి మీదుగా కలగడం నాకిష్టం లేదు.

రుక్మిణీబాయి గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, అత్తవారూ పుట్టింటివారూ వద్దంటున్నా చదివి, ఎమ్మే పట్టా తీసుకుని మా కాలేజీకి వచ్చారు. ధర్మవరం చీరె కట్టగా ఎవరూ చూడలేదు. ముతక నూలు చీరె, భుజాన గుడ్డ సంచి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. స్టాఫ్ రూంలో ఆవిడ ఉన్నంతసేపూ పనికిమాలిన కబుర్లు సాగేవి కావు. అందుకని అక్కడ ఆవిడంటే గిట్టేది కాదు.

దేశాలను పోల్చి చూసే కొలమానాలు ఆవిడకు ప్రాణం. తలసరి ఆదాయం, అక్షరాస్యత, ఆయుర్దాయం, శిశు మరణాల రేటు. పాఠ్యపుస్తకంలో ఇవి నాలుగు పొడి మాటలు. ఆవిడ నోట అవి నాలుగు ఇళ్ళ గుట్టులాగా ఉండేవి. ఒక కరువు సంవత్సరం తన గుడ్డ సంచి నిండా చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఉడకబెట్టి తెచ్చి, తరగతిలో ఒకే అమ్మాయి ఒళ్ళో దాదాపు అన్నీ పోసి, మిగతా వాళ్ళకు తలా ఇన్ని విదిలించారు. నా వాటాకు వచ్చినవి తాలు కాయలు. తర్వాత మొత్తాన్ని మంది సంఖ్యతో భాగించి నల్లబల్ల మీద సగటు రాసి, నా వైపు తిరిగారు.

"ఏమ్మే, సగటున నువ్వు కడుపునిండా తిన్నట్టే. ఇంక ఆకలి తీరినాదా?"

"లేదు మేడం."

"మరి బోర్డు మీద తిన్నట్టు ఉండాదే. బోర్డు అబద్ధం చెప్తాందా, నువ్వు చెప్తాండావా?"

ఎవరూ అబద్ధం చెప్పడం లేదని, ఆ సగటుకు నా కడుపు సంగతి తెలియదని ఆవిడే విడమరిచి చెప్పారు. ఆ గంట అయ్యేదాకా ఒళ్ళో కుప్పతో కూర్చున్న అమ్మాయి ఒక్క కాయ కూడా ఒలవలేకపోయింది. పాపం, సిగ్గుతో ఏడ్చినంత పని చేసింది.

ఆయుర్దాయం పాఠం నాకు ఇంకా బాగా గుర్తు. బీద దేశంలో సగటు ఆయుర్దాయం తక్కువంటే అక్కడందరూ నడివయసులోనే చనిపోతారని మేం అనుకునేవాళ్ళం. ఆవిడ నవ్వారు. "మన పల్లెల్లో ముసలోళ్ళు లేరా? ఎంతమంది కావాల నీకు? ఆ సగటును కిందికి గుంజేది ముసలోళ్ళు కాదు. ఏడాది నిండకుండా పోయే పిల్లోళ్ళు. వాళ్ళను లెక్క పెట్టకపోతే ఏ దేశమైనా గొప్పగానే కనపడతాది" అన్నారు. ఏ దేశపు అంకె చెప్పినా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: "లెక్క ఎట్ల పెట్టినారు? ఎవురిని అడిగినారు, ఏమని అడిగినారు? ముందు అది చెప్పు, అంకె తరవాత చూస్తాము." ఈ మాట మా అందరికీ కంఠోపాఠం.

ఆవిడ సొంత ఖర్చుతో పెయింటరును పిలిపించి ఒక పెద్ద చెక్క బోర్డు రాయించారు. పైన ఆ నాలుగు కొలమానాలు, పక్కన వరుసగా దేశాల పేర్లు. కాలేజీ హాలులో దాన్ని తగిలించినప్పుడు ఆవిడ మొహంలో కనిపించిన సంతోషం నేను మళ్ళీ చూడలేదు. కాలేజీకి వచ్చిన పెద్దమనుషులందరికీ కరస్పాండెంట్ గారు ఆ బోర్డును తన ఘనకార్యంగా చూపించేవారు. అంతవరకూ ఆవిడ పట్టించుకోలేదు.

తర్వాత కాలేజీ ఒక పల్లెను దత్తత తీసుకుంది. ఏటా శిబిరం పెట్టి మేం అక్కడ మొక్కలు నాటేవాళ్ళం, అవి వానల్లేక ఎండిపోయేవి. విదేశాల నుంచి ఒక దాతృసంస్థ ప్రతినిధులు వస్తున్నారని, వాళ్ళు మెచ్చితే కొత్త భవనానికి సాయం చేస్తారని తెలిసి, కరస్పాండెంట్ గారు ఆ పల్లెలో శిశు మరణాల లెక్క తీయమని మమ్మల్ని పురమాయించారు. మేం విద్యార్థినులం ఇల్లిల్లూ తిరిగాం. "పిల్లోళ్ళు ఎంతమంది? పోయినోళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడిగాం. ప్రతి తల్లీ ఉన్న పిల్లలనే చెప్పింది. "పోయినోళ్ళు ఎవురూ లేరమ్మా, ఉండేటోళ్ళు సల్లగుండనీ" అంది. కరస్పాండెంట్ గారు పరమానందభరితులై, మేడంతో ఒక్క మాటైనా చెప్పకుండా అదే పెయింటరును పిలిపించి, ఆవిడ బోర్డు మీద అన్ని దేశాలకూ పైన ఆ పల్లె పేరు ఎక్కించి, శిశు మరణాల కింద సున్నా పెట్టించారు.

మర్నాడు హాలులోకి వచ్చి ఆ సున్నా చూసి మేడం, ఇళ్ళల్లో మేం ఏమని అడిగామో చెప్పించుకున్నారు. తర్వాత మాలో కొందరిని వెంటబెట్టుకుని ఆ పల్లెకు బయలుదేరారు. అరుగు మీద ఓబులమ్మ అనే కూలీ తల్లి చెనిక్కాయలు ఒలుస్తోంది. మేడం పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టారు. పిల్లలెందరని అడగలేదు. "కాన్పులు ఎన్ని అయినాయి ఓబులమ్మా?" అన్నారు. ఓబులమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉంది. పేరు పెట్టి ఉయ్యాలలో వేయకముందే పోయిన బిడ్డను బిడ్డగా చెప్పుకోరు. చేని గట్టున పూడ్చి వస్తారు. తల్లి ఆ మాట మళ్ళీ ఎత్తితే ఉన్న బిడ్డలకు కీడని భయం. ఎందరు పిల్లలని అడిగితే అందుకే వాళ్ళు లెక్కలోకి రారు. ఆ తల్లులు మాతో అబద్ధమాడలేదు, మాకు అడగడం చేతకాలేదు.

"ఉయ్యాల్లో ఏయకముందే పోయినాది మేడమ్మా. పేరు లేనిదాన్ని ఏమని చెప్పేది?" అంది ఓబులమ్మ.

మేడం ఒలుస్తున్న కాయలు పక్కన పెట్టారు. "నాకూ ఒకటి పుట్టినాది ఓబులమ్మా. ఆడబిడ్డ. పేరు పెట్టేలోపలే పోయినాది. మా ఇంటాయన పోయిన ఏడే. నేనూ ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు" అన్నారు.

ఇన్నేళ్ళు ఆవిడ పాఠాలు విన్న మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఓబులమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. కాసేపటికి చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. ఆ వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ పేరు పెట్టకముందే పోయిన బిడ్డ ఉంది.

ప్రతినిధులు వచ్చిన రోజు కరస్పాండెంట్ గారు ఆ బోర్డు కిందే నిలబడి, మా పల్లె సంపన్న దేశాలను మించిపోయిందని ఉపన్యసించారు. మేడం లేచి నిలబడ్డారు. ఆ సున్నా తప్పని, అడిగిన తీరు తప్పు కాబట్టి వచ్చిన జవాబు తప్పని ముందు తెలుగులో, తర్వాత అతిథుల కోసం ఇంగ్లీషులో చెప్పి కూర్చున్నారు. భవనం రాలేదు. ఆ సాయంకాలమే ఆయన ఆవిడను గదిలోకి పిలిచి అన్న మాట వరండాలో ఉన్న మాకందరికీ వినిపించింది. "ఏమ్మా రుక్మిణీబాయీ, నా కాలేజీలో జీతం తీసుకుంటా నా మొగానే మసి పూసినావే. నువ్వు ఈడ ఎట్ల ఉంటావో నేనూ చూస్తా."

చూశారు. ముందు ఆవిడ తరగతులు తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. తర్వాత అనుమతి లేకుండా ఆడపిల్లలను పల్లెలకు తిప్పిందని మెమో ఇచ్చారు. ఆఖరుకు ఉద్యోగం ఊడగొట్టారు. స్టాఫ్ రూంలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఆవిడ గంటను తమ టైంటేబులులో కలుపుకున్న మహానుభావులు ఇవ్వాళ ఆవిడ మహనీయతను గురించి పత్రికలకు రాస్తున్నారని విన్నాను. అయ్యలారా, మీరు రాసిన ప్రతి వాక్యమూ నేను చదువుతాను. ఆవిడను పంపించిన రోజు మీలో ఎవరెవరు ఏ కుర్చీలో కూర్చుని ఎటు చూస్తూ ఉన్నారో నాకు గుర్తుంది.

కిందటి వేసవిలో ఆవిడను చివరిసారి చూడడానికి వెళ్ళాను. గుంతకల్లు రాకపోకలతో బాగా నలిగిపోయారు. కాఫీ ఇచ్చి, కూర్చోగానే అడిగారు.

"బోర్డు ఉండాదా?"

"ఉంది మేడం."

"సున్నా?"

"అదీ ఉంది."

"ఉద్యోగం మళ్ళా ఇయ్యమని నేను అడగలేదే. ఆ సున్నా ఒక్కటి కొట్టేసి నిజం రాయమని అడిగినా. పలకలేదు. నేను రాయించిన బోర్డు మీద, నేను చూసిన బిడ్డల్ని లేరని రాసి పెట్టినారు. అది యాది వస్తే కడుపు రగులుతాదే నాకు" అన్నారు. అంతకు మించి ఆవిడ ఈ లోకాన్ని ఏమీ కోరలేదు.

అటువంటి మనిషికి అదే హాలులో, అదే బోర్డు కింద సంతాప సభ పెట్టారు. అధ్యక్షులు కరస్పాండెంట్ గారు. నన్ను మాట్లాడేవాళ్ళలో వేయలేదు. వేయరని తెలుసు కాబట్టే ముందురోజు ఆ పల్లెకు వెళ్ళి ఓబులమ్మనూ ఆ వీధి ఆడవాళ్ళనూ బస్సులో పిలుచుకుని వచ్చాను. ఇందులో నాకు దాపరికం లేదు. పగ తీర్చుకోవడానికే తీసుకొచ్చాను. వెనక వరుసల్లో కూర్చోబెట్టాను.

ఆయన దండ వేసి, కళ్ళు ఒత్తుకుని, గద్గద స్వరంతో మొదలుపెట్టారు. "ఆ మహాతల్లికి సంతానం లేదు. విద్యార్థినులే ఆమె సంతానం" అన్నారు.

ఓబులమ్మ లేచింది.

"తప్పు సామీ. మేడమ్మకు ఒక ఆడబిడ్డ. పేరు పెట్టకముందే పోయినాది. నాతో చెప్పినాది."

సభ అంతా వెనక్కి తిరిగింది. కూర్చోమని ఎవరో సైగ చేశారు. ఆమె కూర్చోలేదు.

"నాకూ ఒకటి పోయినాది. ఇన్నేండ్లూ దానికి పేరు లేదు. మేడమ్మ పోయినాదని తెలిసినంక పెట్టినా. దాని పేరు రుక్మిణి."

ఆమె పక్కనున్నామె లేచి తన కొడుకు పేరు చెప్పింది. ఆ వెనకామె ఇద్దరి పేర్లు చెప్పింది. వస్తూ బస్సు వెనక సీట్లలో వాళ్ళలో వాళ్ళు ఆలోచించుకుని పెట్టుకున్న పేర్లవి. అప్పటిదాకా నాకూ తెలియదు. చివరి ఆమె చెప్పి కూర్చునేదాకా కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని ఆ సున్నా కిందే నిలబడి ఉన్నారు. వేదిక దిగిపోదామన్నా దారి లేదు, పక్క మెట్ల మీద మా తరగతి వాళ్ళం నిలబడి ఉన్నాం.

మర్నాడు ఆ బోర్డు తీయించి సామాను గదిలో పడేశారట. అంతటితో తీరిపోయిందని ఆయన అనుకుంటే పొరపాటు. ఆ బోర్డు తిరిగి గోడ మీదికి రావాలి. సున్నా ఉన్న చోట ఆ బిడ్డల లెక్క రావాలి. వచ్చేదాకా ఏటా మేడం పోయిన రోజున ఆ తల్లులు ఆ హాలుకు వస్తారు, ఆ పేర్లు చదువుతారు, వెంట నేను ఉంటాను.

గురువులకు నివాళి అర్పించేటప్పుడు వారి ఆత్మకు శాంతి కోరడం వాడుక. మా మేడం శాంతించే మనిషి కాదు, ఆ సున్నా చెరిగేదాకా శాంతించమని అడిగే అర్హత నాకూ లేదు. అటువంటి గొంతు ఈ సీమలో నేను మళ్ళీ వినను. పేరు దక్కని బిడ్డలను లెక్కలోకి తెచ్చిన ఆ తల్లి పాదాలకు నమస్కరించి, నేను దేవుణ్ణి కోరేది వేరొకటి. ఈ దేశపు సగటు ఆయుర్దాయం మా మేడంకు అందలేదు. ఆవిడకు దక్కని ఏళ్ళన్నీ కరస్పాండెంట్ గారికి కలిపి ఆయనను నిండు నూరేళ్ళు బతికించాలి. చెవులు బాగా వినపడుతూ బతికించాలి. ప్రతి ఏడూ ముందు వరుసలో కూర్చుని ఆయన ఆ పేర్లన్నీ వినాలి.