రెండు కొత్త సెల్లులు, రెండు పాత సెల్లులు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో లోకంలో ప్రతి వస్తువూ మన సలహా కోసమే ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించేది. బి.ఎస్సీ. ఫిజిక్సు ఫస్టు క్లాసులో పాసై (మా బ్యాచిలో పదకొండు మందిమి, పదిమందికి ఫస్టు క్లాసే వచ్చింది, ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు) తిరువూరు తిరిగొచ్చాక, ఉద్యోగం దొరికేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని మా నాన్న నన్ను బాబాయి ఫోటో స్టూడియోకి పంపాడు. బాబాయి మాటలు తక్కువ మనిషి. పెళ్లిలో కెమెరా కంటికి ఆనించాడంటే ఇక నోరు పనిచేయదు, ఎడమ చెయ్యే మాట్లాడుతుంది. ఆ చేతి భాష నాకు నెలరోజుల్లో పట్టుబడింది. రెండు వేళ్లు ఆడిస్తే జనాన్ని పక్కకి జరపమని, పిడికిలి బిగిస్తే ఫ్లాష్ తెమ్మని, అరచెయ్యి చూపిస్తే నువ్వు ఏ పనీ చెయ్యకపోతే అదే పదివేలని.

మా దగ్గర రెండు ఫ్లాష్‌లు ఉండేవి. ఒక్కోదానికి నాలుగేసి చార్జింగ్ సెల్లులు, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు సైజువి. అవి పాతబడ్డాయి. ఫోటో తీశాక ఫ్లాష్ వెనక ఎర్రలైటు వెలిగితేనే మరో ఫోటోకి సిద్ధమైనట్టు. మొదట్లో ఒకటి అనేలోపు వెలిగే ఆ లైటు, నేను చేరేనాటికి ఇరవై లెక్కపెట్టినా వెలిగేది కాదు. ఈలోపు చుట్టాలు నవ్వుతూ నిలబడి, నవ్వుతూ అలిసిపోయి, చివరికి నవ్వు మానేసిన క్షణాన ఫ్లాష్ పడేది. ఆ సీజన్లో మేం తీసిన ఫోటోలు చూస్తే ఆ పెళ్లిళ్లేవీ ఎవరికీ ఇష్టం లేనట్టే ఉంటాయి. నేను సెల్లులు పెట్టే గది తెరిచి రేకుల్ని గుడ్డతో తుడిచాను, చార్జరులో సెల్లుల స్థానాలు మార్చి మార్చి పెట్టాను. ఎర్రలైటు తన పద్ధతి తను మార్చుకోలేదు. చివరికి బాబాయి ఎనిమిది కొత్త సెల్లులు తెప్పించమంటే విజయవాడ నుంచి నాలుగే వచ్చాయి. మిగతా నాలుగూ వచ్చే వారమన్నారు. మేం ఒప్పుకున్న పెళ్లేమో రెండు రోజుల్లో ఉంది.

ఆ పెళ్లి మామూలు పెళ్లి కాదు. వినగడప చర్చిలో. పెళ్లికూతురి నాన్న కువైట్‌లో డ్రైవరు. సెలవు దొరకలేదు. ఫోన్లో వీడియో చూపిద్దామంటే ఆ చర్చి లోపల సిగ్నలు ఉండదు. ఆయనే బాబాయికి ఫోన్ చేసి, “అన్నా, నేను చూసేది నువ్వు తీసిన ఫోటోల్లోనే. సూత్రం కట్టేప్పుడు నా బిడ్డ మొహం నాకు కనపడాలి” అన్నాడట. ఈ మాట నాకు చెబుతూ బాబాయి, “అది తప్పిందంటే ఇంక నేను కెమెరా పట్టుకోనురా” అన్నాడు. ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

అప్పుడు నా చదువు మేలుకొంది. “బాబాయ్, కొత్తవి నాలుగూ ఒక ఫ్లాష్‌లోనే వేస్తే రెండోది ఎందుకూ పనికిరాదు. ఒక్కోదాంట్లో రెండు కొత్తవి, రెండు పాతవి వేద్దాం. సగటున రెండూ ఓ మోస్తరుగా పనిచేస్తాయి” అన్నాను. బాబాయి నా వంక చూసి, “చదువుకున్నోడివి, నీకే తెలియాలి” అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

పెళ్లిరోజు వినగడప చర్చి చూడముచ్చటగా ఉంది. అందం కోసం కిటికీలన్నిటికీ గులాబీరంగు పరదాలు కట్టేశారు. వెలుగు లోపలికి రావడానికి ఒక్క తలుపే దారి, దాంట్లో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు నిలబడ్డారు. పదకొండింటికి కరెంటు పోయింది. జనరేటరు మైకుకీ ఫ్యాన్లకీ మాత్రమే. అయినా నాకు దిగులు లేదు, సగటు మీద అంత నమ్మకం. మొదటి పది ఫోటోలు బ్రహ్మాండంగా పడ్డాయి. పదకొండోదానికి ఎర్రలైటు ఆలోచనలో పడింది. పద్నాలుగోదానికి ఆరిపోయింది. బాబాయి పిడికిలి బిగించాడు. రెండో ఫ్లాష్ ఇచ్చాను. అది ఆరు ఫోటోలు తీసి మొదటిదాని బాటే పట్టింది. ఉంగరాలు అయిపోయాయి, ఇక సూత్రమే మిగిలింది. బాబాయి నా వైపు తిరిగాడు. ఈసారి చెయ్యి ఏమీ అనలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

రెండు ఫ్లాష్‌లూ పట్టుకుని పక్క వరండాలోకి పరిగెత్తాను. మొదటిది చేతిలో కాలుతోంది. మూత తెరిస్తే వేడి ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఒక పాత సెల్లు ఒళ్లు ఉబ్బి, పైనున్న తొడుగు ముడతలు పడి, గదిలో బిగుసుకుపోయింది. బోర్లించి కొట్టాను, రాలేదు. రిబ్బన్లు కోయడానికి ఎవరో అక్కడ పెట్టిన కత్తెర కనిపించింది. దాని మొన సెల్లు పక్కన దూర్చి పైకి లేపబోతున్నాను.

“కత్తెర కింద పెట్టరా.”

గొంతు విని తిరిగి చూడకుండానే నిటారుగా నిలబడ్డాను. పదో తరగతిలో నాకు సైన్సు చెప్పిన మేడమ్. పెళ్లికూతురికి సొంత పెద్దమ్మ. గాలి కోసం తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నారట. ఇరవయ్యేళ్లు మాలాంటి వాళ్లతో ల్యాబులో గడిపిన మనిషి, కాలిన వాసన రాగానే ఏ వైపు నడవాలో ఆవిడకి తెలుసు.

“వేడెక్కిన సెల్లుని పొడుస్తున్నావేంట్రా, కన్ను పోగొట్టుకుంటావా?” అన్నారు. “స్విచ్చి ఆపావా?”

“లేదు మేడమ్.”

“ఆపు. తీసుకెళ్లి బయట ఆ ఇసక మీద పెట్టు, షామియానా గుడ్డకి దూరంగా. పిల్లల్ని అటు పోనివ్వకు. దానంతటదే చల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దు, నువ్వు అసలే ముట్టుకోవద్దు.”

ఇసక మీద పెట్టొచ్చి, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలని రెండో ఫ్లాష్‌కి ఉన్న స్క్రూలు విప్పబోయాను. మేడమ్ నా చేతి మీద చిన్నగా కొట్టారు. (పదో తరగతిలో ఇంతకన్నా గట్టిగా కొట్టేవారు.) “దాని ఒళ్లు విప్పకు. లోపల కెపాసిటరు ఉంటుంది. సెల్లులు తీసేసినా అది కరెంటు దాచుకునే ఉంటుంది. నీకు ఆ పాఠం కూడా చెప్పాను.”

“ఆ రోజు రాలేదనుకుంటా మేడమ్.”

“వచ్చావు. నిద్రపోయావు.” రెండోది గోరువెచ్చగా మాత్రమే ఉందని తేల్చుకుని, మూత తీసి నాలుగు సెల్లులూ అరచేతిలోకి వంపుకున్నారు. “ఇవి రెండు కొత్తవి, ఇవి రెండు పాతవి. ఎందుకిలా కలిపావు?”

“సగటు మేడమ్” అన్నాను. గట్టిగా చెబితే అది ఎంత తెలివితక్కువ మాటో నాకే వినిపించింది.

“నలుగురు కలిసి బల్ల మోస్తున్నారనుకో. ఇద్దరు అలిసిపోయి, మోయడం మానేసి ఆ బల్ల మీదే ఎక్కి కూర్చుంటే మిగతా ఇద్దరి గతేంటి? చార్జి అయిపోయిన సెల్లులోకి కొత్తవి ఎదురు కరెంటు తోస్తాయి. అందుకే అది ఉడికింది. వేస్తే నాలుగూ ఒకే రకం, ఒకే వయసు, ఒకేసారి చార్జి చేసినవి వేయాలి. ఇప్పుడు నాలుగు కావాలి. ఎక్కడున్నాయి?”

ఎక్కడా లేవు. లోపల్నుంచి పాస్టరు గారు, “సూత్రధారణకు ముందు చిన్న ప్రార్థన చేసుకుందాం” అనడం వినిపించింది. నేను ఖాళీ జేబులు తడుముకున్నాను. మేడమ్ మాత్రం వరండా చివర బీరువా దగ్గర నిలబడ్డ సంఘపెద్దని చేత్తో పిలిచారు. చర్చి కార్డ్‌లెస్ మైకులో వేసేది కూడా పెన్సిల్ సెల్లులేనని, సీలు విప్పని పాకెట్టు ఒకటి ఆ బీరువాలో ఎప్పుడూ ఉంటుందని ఆవిడకి తెలుసు.

“అవి మైకువమ్మా. పాస్టరు అయ్యగారివి” అన్నాడు సంఘపెద్ద, తాళంచెవి జేబులో ఇంకాస్త లోపలికి తోసుకుంటూ.

“అయ్యగారి గొంతు మైకు లేకపోయినా గంపలగూడెం దాకా వినపడుతుంది. ఫ్లాష్‌కి గొంతు లేదు. రేపు పొద్దున్నే వీడు కొత్తవి తెచ్చి మీ చేతిలో పెడతాడు. తియ్యండి.”

“చార్జింగ్‌వి కావే మేడమ్, మామూలువి” అన్నాను, జ్ఞానం పూర్తిగా చావక.

“పది ఫోటోలకి మామూలువి చాలు. నాలుగూ ఒకే పాకెట్టులోవి. ప్లస్సు, మైనస్సు చూసి వెయ్యి. చూసి.”

చూసి వేశాను. రెండుసార్లు చూసి వేశాను. ఎర్రలైటు వెలిగింది. ఒకటి అనేలోపే. నా జీవితంలో నేను చూసిన అందమైన వస్తువుల్లో దానికి ఇప్పటికీ మంచి స్థానమే ఉంది.

లోపలికి పరిగెత్తాను, ఆలస్యమైపోయిందనే అనుకుంటూ. కాలేదు. చర్చి అంతా తలలు వంచుకుని కళ్లు మూసుకుని ఉంది, చిన్న ప్రార్థన ఇంకా నడుస్తోంది. తర్వాత తెలిసిందేంటంటే, ప్రార్థన మొదలయ్యే ముందు బాబాయి వేదిక దగ్గర నిలబడి, తన ఎడమ చేత్తో పాస్టరు గారికి ఏదో చెప్పాడట. నెలరోజులు నేర్చుకుంటే గానీ నాకు రాని భాష ఆయనకి ఒక్క చూపులో అర్థమైంది. వధూవరుల కోసం, తల్లిదండ్రుల కోసం, దూరదేశంలో ఉన్న తండ్రి కోసం ప్రార్థించి, ఆ పైన వినగడప వానల కోసం, రెడ్డిగూడెం మామిడి పూత కోసం, ఆర్టీసీ డ్రైవర్ల క్షేమం కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించి, నేను వెళ్లేసరికి పశుసంపద దాకా వచ్చి ఉన్నారు. బాబాయి చేతికి ఫ్లాష్ అందింది. పాస్టరు గారు ఒక కన్ను తెరిచి చూసి, “ఆమేన్” అన్నారు. అంత నిండు మనసుతో ఆ చర్చిలో మరొకరు ఆమేన్ అన్నారంటే అది నేనే.

సూత్రం కట్టేప్పుడు ఆరు ఫోటోలు పడ్డాయి. ఆరింటిలోనూ పెళ్లికూతురి మొహం చక్కగా కనపడింది. ఇసక మీది ఫ్లాష్ భోజనాలయ్యేసరికి చల్లారింది. ఉబ్బిన సెల్లుని దాని జోలికి పోకుండా అందులోనే వదిలేశాం. మిగతా పాతవాటి కొసలకి మేడమ్ నా చేత టేపు అంటించి, విడిగా ఒక డబ్బాలో వేయించారు, విస్తళ్లతోపాటు మంటలో పడెయ్యకుండా విజయవాడలో పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చి రమ్మని. దారిలో బాబాయి సగటు మాట ఎత్తలేదు. ఊరి పొలిమేర దాటాక, “ఇంకోసారి నీకు ఆలోచన వస్తే నాకు ముందు రోజు చెప్పు” అన్నాడు, అంతే.

రెండేళ్లకి ఆ కువైట్ తండ్రి సెలవు మీద వచ్చి, పెద్ద సైజులో పటం కట్టించుకుందామని ఆ ఫోటో కోసం స్టూడియోకి వచ్చాడు. అప్పటికి బాబాయి కౌంటరు నాకు అప్పగించాడు. (ఉద్యోగం దొరికేదాకా అన్న మాట ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.) ఆయన ఆ ఫోటోని కంప్యూటరు తెర మీద చాలాసేపు చూశాడు. కూతురి మొహం దగ్గర వేలు పెట్టబోయి, తెర పాడవుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. “నేను అక్కడ నిలబడి చూసినట్టే ఉంది తమ్ముడూ. ఈ వెలుగు ఎలా తెచ్చారు?” అన్నాడు. అన్నీ చెప్పేద్దామనుకున్నాను. కత్తెర, ఇసక, అయ్యగారి పాకెట్టు, అన్నీ. ఆయన కళ్లు చూశాక, “కొంచెం ప్లాను చేశామండి” అన్నాను. ఆ ప్లాను చేసిన కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, వాడికి ఫస్టు క్లాసు కూడా వచ్చింది.